జంపఖానా మీద పరిశోధకుడు

యూనివర్సిటీకి పోయి బాలకిషన్ నేర్చుకున్న మొదటి విద్య తన ఇంటివాళ్ళను ‘వీళ్ళు’ అనడం. మూసీకి దక్షిణాన జహనుమాలో బర్రెల కొట్టం పక్క గదిలో పుట్టి, పదహారేళ్ళ దాకా తెల్లారక ముందే లేచి పేడ ఎత్తినవాడు. సియాసియాత్, ఇమ్రానియాత్ అనే రెండు పెద్ద మాటలు నోట పడగానే సొంత తండ్రి గురించి కూడా ‘ఆ సముదాయానికి చెందిన ఒక నడివయసు వ్యక్తి’ అని రాయడం మొదలుపెట్టాడు. రాజ్యం ఎట్లా పుట్టిందో చెప్పే శాస్త్రం మొదటిదట, మనుషులు కలిసి ఎట్లా బతుకుతారో చెప్పేది రెండోదట. ఈ రెండూ ఉర్దూలో చదివి, ఇంగ్లీషు పుస్తకాలతో సరిచూసుకుని, తెలుగులో ఎవరికీ చెప్పకుండా దాచుకునేవాడు. ఎందుకంటే తెలుగులో చెబితే అవి మరీ మామూలు సంగతుల్లా వినిపించేవి.

షేర్వానీ తొడుక్కుని, రూమీ టోపీ పెట్టుకుని సైకిలెక్కి పోతుంటే తండ్రి రామ్‌చందర్ కొట్టం గుమ్మంలో నిలబడి చూసి మురిసిపోయేవాడు. కొడుకు మున్సిఫో, అమీనో అయి సర్కారు కుర్చీలో కూర్చుంటాడని ఆయన ఆశ. కొడుకు చదివేది తమ గురించేనని తెలిస్తే ఏమనేవాడో గాని ఎవరూ చెప్పలేదు.

బాలకిషన్ చేత ఎం.ఏ. మకాలా, అంటే పరిశోధన గ్రంథం, రాయిస్తున్నవాడు డాక్టర్ సోమశేఖర్. లండన్‌లో మూడేళ్ళుండి వచ్చాడు. అప్పటి నుంచి మూసీ దాటి దక్షిణానికి వచ్చింది రెండే సార్లు, రెండూ పెళ్ళి విందులకే. అయినా ఆ దక్షిణాన బతికే జనం గురించి ఆయనకు తెలియనిది లేదు. రాజ్యానికి విత్తనం ఏకాభిప్రాయంలో ఉందని, ఆ ఏకాభిప్రాయం ఇంకా చెడిపోకుండా కుల పంచాయతుల్లో మిగిలి ఉందని ఆయన సిద్ధాంతం. దాన్ని రుజువు చేయడానికి ఒక పంచాయతి కావాలి. తన క్లాసులోనే పాలు పోసే పాలోళ్ళ కులం పిల్లవాడు ఒకడు కూర్చున్నాడని తెలిసిన రోజు ఆయన చాలా సంతోషించాడు.

“మిస్టర్ బాలకిషన్, నాకు ఒక్క తీర్పు చాలు” అన్నాడు తన ఉర్దూలో. “కాని మొదటి మాట నుంచి చివరి మాట దాకా మీరు కళ్ళారా చూసింది కావాలి. అక్కడ ఉండీ లేనట్టు ఉండండి. మాట్లాడకండి. ఎవరి పక్షమూ వహించకండి. శాస్త్రజ్ఞుడికి మేనమామలూ మేనత్తలూ ఉండరు.”

ఆ మాట బాలకిషన్‌కు ఎంత నచ్చిందంటే నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి కింద గీత గీసుకున్నాడు.

పంచాయతి నియమాలన్నీ కులపెద్ద చౌదరి ఎల్లయ్య దగ్గర కూర్చుని రాసుకున్నాడు. పంచాయతి చౌదరి వాకిట్లో కూడుతుంది. నేల మీద పెద్ద జంపఖానా పరుస్తారు. మీసం వచ్చిన ప్రతి మగవాడూ దాని మీద కూర్చోవచ్చు, కూర్చుంటే పంచు, అంటే తీర్పరి, అయినట్టే. చూడవచ్చినవాళ్ళు దూరంగా నిలబడాలి. తీర్పు చెప్పాక చౌదరి మూడుసార్లు అడుగుతాడు, అడ్డం చెప్పేవాడు ఉన్నాడా అని. ఇరవై మంది ఒప్పుకున్నా సరే, జంపఖానా మీది ఒక్కడు ‘అడ్డం’ అంటే చాలు, సభ లేచిపోతుంది. మళ్ళీ ఏడాది దాకా ఆ తగువు మీద కూర్చోరాదు. ఎవరూ అనకపోతే ఆ మౌనమే అందరి మాట. ఈ సంగతులు రాసుకుంటూ బాలకిషన్ ‘అద్భుతం’ అని అంచున రాసుకున్నాడు. సిద్ధాంతానికి ఇంతకంటే చక్కగా సరిపోయేది ఇంకేముంటుంది?

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఏడాదిగా ఎవరూ తగువు పడలేదు. యుద్ధం రోజులు, గడ్డి దొరకడం లేదు, జొన్నలకు వరసలో నిలబడాలి. ఎవరి కష్టంలో వాళ్ళున్నారు. మకాలా ఇవ్వాల్సిన గడువు దగ్గరపడే కొద్దీ బాలకిషన్‌కు నిద్ర పట్టడం మానేసింది. తన కులంలో ఎవరో ఒకరు కొట్టుకుంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాడు, ఇది నేను కల్పించి చెప్పడం లేదు, నిజంగానే కొబ్బరికాయ మొక్కుకున్నాడు. సమాజశాస్త్రానికి ఆ పాటి సేవ చేసినవాడు అప్పటికి ఇంకెవడూ ఉండి ఉండడు.

దేవుడు విన్నాడు. తగువు వచ్చింది. వచ్చింది సొంత మేనత్త కాశమ్మ ఇంటి మీదికే.

కాశమ్మ రామ్‌చందర్‌కు చెల్లెలు. మొగుడు పోయి మూడేళ్ళయింది, పిల్లలు లేరు. ఆయన వదిలిపోయింది నాలుగు బర్రెలు, అలియాబాద్ వైపు ఒక గల్లీ. పాలోళ్ళలో ఒక్కో ఇంటికి ఒక్కో గల్లీ ఉండేది. ఆ గల్లీలో ఆ ఇంటివాళ్ళే పాలు పోయాలి, ఇంకొకరు బిందెతో అడుగు పెట్టరాదు. మొగుడు పోయిన పదకొండో రోజు దాటగానే కాశమ్మ బిందె చంకన పెట్టుకుని తానే గల్లీకి బయలుదేరింది. నీళ్ళు కలపదని పేరు తెచ్చుకుంది. ఆ పేరు ఊరికే రాలేదు, మొగుడు కలిపేవాడు.

మరిది అంజన్‌కు ఇది కొన్నాళ్ళు నవ్వులాట, తర్వాత మంట. గల్లీ మగవాళ్ళదని, వదిన దాన్ని తనకిచ్చి తన ఇంట్లో ఒక మూల పడి ఉంటే తిండి పెడతానని చెప్పి పంపాడు. “నా కాళ్ళు నడుస్తున్నన్ని దినాలు నా గల్లీ నడుస్తది” అని ఆమె తిరిగి చెప్పి పంపింది. అంజన్ చౌదరి దగ్గరికి పోయాడు.

ఈ కబురు విన్న క్షణం బాలకిషన్‌కు కలిగింది సంతోషమే. దాని వెనకే సిగ్గు కూడా వచ్చింది గాని చేతిలో చాయ్ అయిపోయే లోపలే అది పోయింది.

పంచాయతికి ముందు రోజు కాశమ్మ వచ్చింది. రామ్‌చందర్ ఇంట్లో లేడు, ఉన్నా చెల్లెలి మొహం చూడలేక ఏదో పని కల్పించుకుని పోయేవాడే. ఆయన బర్రెలు మేసేది చౌదరి పట్టా పట్టిన బీడులో. చౌదరి మాటకు అడ్డం పోతే మర్నాటి నుంచి బర్రెలకు మేత ఉండదు.

“మీ బాపు నోరు తెరవడు బిడ్డా, గది నాకు ఎర్కే” అంది ఆమె గడప మీద కూర్చుని. “ఆయన బర్రెలు ఆయనకున్నయ్. మిగిలినోళ్ళంత అంజన్ తోని తిరిగేటోళ్ళే. నువ్వు ఒక్కడివి ఉన్నవ్. నీకు బర్రెల్లేవు, బీడు లేదు, చౌదరి తోని పని లేదు. సదువుకున్న నిన్ను జూసి మీ బాపును గూడ ఏమనడు.”

“నేనేం జేస్త అత్తా?”

“జంపఖానా మీద కూసో. చౌదరి అడిగినప్పుడు అడ్డం అను. గంతే. ఎందుకని ఎవడూ అడగడు, అడగొద్దని కట్టుబాటున్నది. ఒక్క ఏడాది దొరికితే సాలు. గా లోపల గల్లీల ఇండ్లన్నీ నా తోనే నిలవడేటట్టు జేసుకుంట.”

ఆ కట్టుబాటు బాలకిషన్ రాసుకోలేదు. వెంటనే పుస్తకం తీసి రాసుకున్నాడు. ఆమె అతను రాసేది చూసి, తన మాట కాగితం మీద పెడుతున్నాడు గదా, ఇంక మరిచిపోడు అనుకుంది. పాపం, చదువురాని మనిషి.

“రేపు వస్తున్నవ్ గదా?”

“వస్త అత్తా, తప్పకుండ వస్త” అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆ సభకు అతనికంటే ఆత్రంగా ఎదురుచూసినవాడు అంజన్ కూడా కాదు.

మరునాడు పొద్దు వాలుతుండగా అందరికంటే ముందు చౌదరి వాకిట్లో హాజరయ్యాడు, షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని, కొత్త నోటుబుక్కు, ఫౌంటెన్ పెన్ను పట్టుకుని. మొదట చూసేవాళ్ళలోనే నిలబడ్డాడు. శాస్త్రం చెప్పింది అదే. కాని జనం పెరిగారు. ఎవరి మోచెయ్యో తగిలి పెన్ను కక్కిన సిరా షేర్వానీ మీద పడింది. నిలబడి రాస్తే అక్షరాలు కుదరడం లేదు, ముందున్నవాళ్ళ తలలు అడ్డం వస్తున్నాయి. అప్పుడతను చూసి చూసి, చెప్పులు విప్పి, జంపఖానా మీద ఒక అంచున పోయి కూర్చున్నాడు.

“రా బిడ్డా, రా. సదువుకున్నోడు మన నడుమ కూసుంటే మనకే ఇజ్జత్” అని చౌదరి పక్కవాళ్ళను జరిపి చోటిప్పించాడు. ‘పరిశోధకుడి పట్ల సముదాయం చూపిన ఆదరణ’ అని బాలకిషన్ రాసుకున్నాడు. జంపఖానా మీద కూర్చుంటే ఏమవుతుందో రెండు నెలల కింద తన చేత్తో రాసుకున్నవాడే. ఆ నియమం ‘వీళ్ళ’కని, తనకు కాదని అతని లెక్క. రూమీ టోపీ పెట్టుకున్నాక మనిషి కులం మీద కాక కులానికి కాస్త పైన ఎక్కడో గాలిలో కూర్చుంటాడని అనుకున్నాడో ఏమో.

ఆడవాళ్ళు జంపఖానా దగ్గరికి రారాదు. వాకిలి చివర పిడకల గోడ వెనక నిలబడి అక్కడి నుంచే జవాబు చెప్పాలి. అంజన్ తన మాట చెప్పుకున్నాడు. మా అన్న గల్లీ, మా నాయన గల్లీ, ఆడమనిషి బిందె పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే కులం పరువు ఏం గావాలె అన్నాడు. పిడకల గోడ వెనక నుంచి కాశమ్మ గొంతు వచ్చింది.

“మీ అన్న దినాలల్ల పాలల్ల నీళ్ళు పోసినప్పుడు పోలేదా పరువు? నేను ఎవలి తానకు తిండికి రాలేదు, ఎవలి మీద పడలేదు. నా బర్రెలు, నా రెక్కలు.”

చూసేవాళ్ళలో ఎవరో నవ్వారు. చౌదరి ఉరిమి చూసి తీర్పు చెప్పాడు. గల్లీ అంజన్‌ది. కాశమ్మ రేపటి నుంచి ఆ గల్లీలో అడుగు పెట్టరాదు, పెడతానంటే కులానికి వెలి.

“పెడుత” అంది గోడ వెనక గొంతు.

చౌదరి లేచి నిలబడ్డాడు. “అడ్డం చెప్పేటోడు ఉన్నడా?”

బాలకిషన్ ‘మొదటి పిలుపు’ అని రాశాడు.

“అడ్డం చెప్పేటోడు ఉన్నడా?”

అప్పుడతను తలెత్తాడు. ఎదుటి వరసలో తండ్రి తన వైపే చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో చిన్నపిల్లవాడికైనా అర్థమవుతుంది, నా వల్ల కాదు, నీ వల్ల అవుతుంది, అను నాయినా అని. తల్లి పోయిన ఏడాదంతా తను ఈ అత్త చంకలోనే పెరిగాడు. మాట గొంతు దాకా వచ్చింది. రాలేదంటే అన్యాయం, నిజంగానే వచ్చింది. దాని వెంటనే ఇంకొకటి వచ్చింది. ఇప్పుడు అడ్డమంటే సభ లేచిపోతుంది, తీర్పు ఆగిపోతుంది, ఏడాది దాకా మళ్ళీ కూర్చోరు. గడువు ఇంకా పన్నెండు రోజులే. ఈ తీర్పు మీద రాయాల్సిన ఐదో అధ్యాయం సగంలో తెగిపోతుంది. శాస్త్రజ్ఞుడు మాట్లాడరాదన్న డాక్టర్ గారి ఉపదేశం అతనికి ఇదంతా అయ్యాకే గుర్తొచ్చింది. కాని తర్వాత రాసుకున్నప్పుడు దాన్ని ముందు రాసుకున్నాడు.

“అడ్డం చెప్పేటోడు ఉన్నడా?”

ఎక్కడో బర్రె గొలుసు చప్పుడైంది. మనిషి చప్పుడు లేదు. రామ్‌చందర్ తల దించుకున్నాడు. బాలకిషన్ పేజీ తిప్పాడు.

చౌదరి చెంబులో నీళ్ళు నేల మీద వంచి మాట ముగించాడు. “కాశమ్మ కులానికి వెలి. ఆమె ఇంట్ల నిప్పు, నీళ్ళు ఎవ్వలూ ముట్టొద్దు. ఇగో, ఇంకో మాట. ఇయ్యాల ఈడ కూసున్న పంచులల్ల ఎవ్వడన్న ఏడాది లోపల ఆమె చేతి నీళ్ళు గాని చల్ల గాని తాగితే వెలి తెగిపోతది. మల్ల మనం మొదటి సంది కూసోవాలె. గందుకని ఎవ్వడూ అటు మల్లకుండ్రి.”

కాశమ్మ పిడకల గోడ వెనక నుంచి బయటికి వచ్చింది. ఏడవలేదు, శాపాలు పెట్టలేదు. ఒక్కసారి జంపఖానా అంతా కలియజూసి మేనల్లుడి మీద చూపు ఆపింది. అతను గడియారం చూసి వేళ రాసుకుంటున్నాడు.

మకాలా గడువులోపల అందింది. డాక్టర్ సోమశేఖర్ ఐదో అధ్యాయం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఒక్క గొంతు కూడా వేరుగా పలకలేదు. ఇదీ ఏకాభిప్రాయం అంటే! బాధితురాలు మీకు దూరపు బంధువా?”

“కొంచెం దూరం, సార్” అన్నాడు బాలకిషన్. మేనత్త ఎంత దూరమో ఆ వేళకు అతనికే తెలియాలి.

ఫస్టు క్లాసు వచ్చింది. యుద్ధంలో కాగితం దొరకని రోజుల్లో దొరికించుకుని మరీ దాన్ని పుస్తకంగా అచ్చు వేయిద్దామన్నారు యూనివర్సిటీవాళ్ళు. అచ్చుకు పంపేముందు డాక్టర్ గారికి ఇంకొక ఆలోచన వచ్చింది, చివర నాలుగు పేజీల అనుబంధం ఉంటే బాగుంటుందని. వెలి పడిన మనిషి మనఃస్థితి ఎట్లా ఉంటుంది? ఇంత మంచి అవకాశం లండన్‌లో వాళ్ళకు దొరకదు. బాలకిషన్ పన్నెండు ప్రశ్నలు తయారు చేసుకున్నాడు.

కాశమ్మ అప్పటికి జహనుమాలో లేదు. ఆమె బావిలో నీళ్ళు తోడుకోనివ్వలేదు, గల్లీ మొదట్లో ఆమె బిందె రెండుసార్లు తన్నారు. రెండు బర్రెలు అమ్మి, మిగిలిన రెండు తోలుకుని చాంద్రాయణగుట్ట కిందికి పోయింది. అక్కడ రైల్వేలో పనిచేసే ప్రకాశం అనే కిరస్తానీ అతను తన ఇంటి వెనక కొట్టం వేసుకోనిచ్చాడు. చుట్టుపక్కల కూలివాళ్ళకు పావుసేరు, అరపావు పోసుకుంటూ బతుకుతోంది.

వైశాఖం ఎండలో సైకిలు తొక్కుకుంటూ బాలకిషన్ అక్కడికి చేరేసరికి షేర్వానీ వీపుకు అతుక్కుపోయింది. కాశమ్మ గడ్డి కోస్తోంది. చిక్కిపోయింది. అతన్ని చూసి కొడవలి పక్కన పెట్టి, మంచం వాల్చింది. అతని మనసు చివుక్కుమంది. ఆ చివుక్కుమనడం నిజమే, కాని ప్రశ్నల కాగితం తీయకుండా ఆపేంత పెద్దది కాదు.

“కులంల నుంచి తీసేసినంక నిద్ర మంచిగ వడుతున్నదా అత్తా?” అని మొదటి ప్రశ్న అడిగాడు.

ఆమె చేతులకంటిన గడ్డి దులుపుకుంది. “ముందుగాల నువ్వు రాసింది సదువు. నా ముచ్చటే గదా, ఇననీ.”

అతను సంచిలోంచి కాగితాలు తీసి, ఉర్దూలో ఉన్నదాన్ని తెలుగు చేస్తూ చదివాడు. వాకిలి, జంపఖానా, పిడకల గోడ, అన్నీ ఉన్నాయి. ‘ఆ సాయంత్రం ఇరవై మంది పంచులు హాజరైనారు. నిర్ణయం ఏకగ్రీవం.’

“ఇర్వై ఒక్కరు” అంది కాశమ్మ.

“లేదత్తా, ఇర్వై.”

“నేను గోడెనక నిలవడి ఎన్నిసార్లు లెక్కవెట్టిన్నో నాకు ఎర్కే. ఇర్వై ఒక్కరు.”

“నన్ను కలుపుతున్నవ్ గావచ్చు. నేను పంచును గాదు. చూడనీకి వచ్చినోణ్ణి.”

“చూడ వచ్చినోళ్ళు నిలవడ్డరు.”

అతను కాగితాలు సర్దుకున్నాడు. ఆమె లోపలికి పోయి ఇత్తడి లోటాతో చల్ల తెచ్చింది. పైన కొత్తిమీర ఆకు తేలుతోంది. మంచం పట్టె మీద అతని ముందు పెట్టింది.

“ఎండల వచ్చినవ్, తాగు.”

బాలకిషన్ నాలుక అంగిటికి అంటుకుపోయి ఉంది. చెయ్యి లేచి సగంలో ఆగింది.

“ఏంది సోంచాయిస్తున్నవ్?” అంది ఆమె, గొంతు పెంచకుండానే. “నువ్వు పంచువు గాకుంటే తాగితే ఏం గాదు, తాగు. పంచువైతే నువ్వు తాగుతనే నా వెలి తెగుతది. చౌదరి మల్ల కూసోవాలె, నా మాట మల్ల ఇనాలె. గట్లయిన తాగు. నేను నిన్ను ఇంకేం అడగను.”

అతను లోటా వైపు చూశాడు. అది ఎంత తేలికో అతనికి తెలుసు. రెండు గుక్కలు. రెండు గుక్కలతో అత్త మళ్ళీ జహనుమా బావిలో నీళ్ళు తోడుకుంటుంది. కాని తీర్పు తెగిపోతే ఐదో అధ్యాయం తెగిపోతుంది. ఏకగ్రీవం అన్న మాట కొట్టేయాలి. పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది. డాక్టర్ గారు లెక్చరర్ ఉద్యోగానికి సిఫారసు చేస్తానన్నారు. పరిశోధకుడే మజ్జిగ తాగి తన పరిశోధన చెడగొట్టుకున్నాడంటే నలుగురిలో నవ్వులపాలవుతాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు కూడా ఆమె ముందు కాదు, డాక్టర్ గారి ముందు.

“ఇప్పుడే తాగొచ్చిన అత్తా. కడుపు నిండుగున్నది” అన్నాడు.

కాశమ్మ మరి బతిమాలలేదు. లోటా తీసుకుపోయి కుడితి గోలెంలో వంచింది. బర్రె తల పెట్టి తాగింది. ఆమె కొడవలి అందుకుని, అతనికి వీపు పెట్టి కూర్చుని గడ్డి కోసుకోసాగింది. మొదటి ప్రశ్నకు గాని, తక్కిన పదకొండింటికి గాని జవాబు చెప్పలేదు.

ఫలక్‌నుమా దగ్గర సైకిలాపి, వీధి నల్లా కింద దోసిలి పట్టి బాలకిషన్ కడుపు నిండా నీళ్ళు తాగాడు. తర్వాత చింతచెట్టు నీడలో కూర్చుని నోటుబుక్కు తెరిచి, అనుబంధంలో మొదటి వాక్యం రాశాడు.

‘వెలి పడినవారి చేతి నీరు ఆ సముదాయంలో ఎవరూ ముట్టరు. ఇది పరిశోధకుడు స్వయంగా గమనించిన విషయం.’